నియమాలు ఊరికే ఇచ్చేస్తే డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది?

చెరువుగట్టు:
అందరికీ నమస్కారం. మూడేళ్లుగా ప్రతి ఆదివారం మా ఇంట్లో ఐదుగురం కూర్చుని డంజన్స్ అండ్ డ్రాగన్స్ (డీ అండ్ డీ) ఐదో ఎడిషన్ ఆడుతున్నాం. పాత్రలు పోషిస్తూ పాచికలతో ఆడే ఆట అది. ఆట నడిపేది నేనే. మా కోసం రాసుకున్న సాహసం, అంటే ఆటలో నడిచే కథ, ఒకటి తెలుగులో 64 పేజీల పుస్తకంగా తేవాలని ఉంది. గొలుసుకట్టు చెరువుల్లో అన్నిటికంటే పైనున్న చెరువు కట్ట ఏటా ఒకే చోట తెగుతూ ఉంటుంది. ఎందుకు తెగుతోందో కనిపెట్టడమే కథ. కట్ట ఎంతసేపట్లో తెగుతుందో లెక్కగట్టే రెండు పేజీల చెరువు నియమాలు నావి. దెబ్బలు, ప్రాణాలు, పాచికల లెక్కలు మాత్రం ఆ ఆటవే.

దానికి లైసెన్సులు చూడాలట. ఓజీఎల్ అంటారు, క్రియేటివ్ కామన్స్ అంటారు, ఓఆర్‌సీ అంటారు. చదివినకొద్దీ తల తిరుగుతోంది. వాటికంటే ముందు ఒక ప్రాథమిక సందేహం. లాభం కోసం నడిచే కంపెనీ తన ఆట నియమాలను ఊరికే ఎందుకు ఇస్తుంది? ఊరికే ఇచ్చేవాళ్లను చూస్తే నాకు భయం. పుస్తకం అమ్ముడుపోయాక వచ్చి లెక్క అడగరు కదా?

ఇరవై ముఖాలు:
అడిగారు. 2023 జనవరిలో సరిగ్గా అదే జరిగింది. కానీ కథ మొదటి నుంచి చెబితేనే అర్థమవుతుంది, కొంచెం ఓపిక పట్టండి.

ఈ ఆటను 1974లో మొదలుపెట్టిన టీఎస్ఆర్ కంపెనీ 1997 నాటికి అప్పుల్లో మునిగిపోయింది. మ్యాజిక్ అనే కార్డుల ఆటతో డబ్బు చూసిన విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్ దాన్ని కొంది. రెండేళ్లకు విజార్డ్స్‌నే హాస్‌బ్రో కొనేసింది. అప్పుడు ఈ ఆట వ్యాపారం చూసిన రయాన్ డాన్సీ అనే ఆయన పాత లెక్కలన్నీ తిరగేశాడు. ఆయన వాదన మన ఇంట్లో బల్ల చుట్టూ చూస్తే తెలిసిపోతుంది. ఐదుగురు కూర్చుంటే ఆటగాళ్ల పుస్తకం ఐదుగురూ కొనవచ్చు. సాహసం పుస్తకాన్ని మాత్రం ఆట నడిపే ఒక్కరే కొంటారు. ఆ ఒక్కరి కోసం కూడా రచయితకు, చిత్రకారుడికి, అచ్చుకు డబ్బు పెట్టవలసిందే. టీఎస్ఆర్ చివరి రోజుల్లో లెక్కకు మించి కల్పిత లోకాలను సృష్టించి, ఒక్కో లోకానికీ పుస్తకాల మీద పుస్తకాలు వేసింది. ఉన్న కొద్దిమంది కొనేవాళ్లూ ఆ లోకాల మధ్య చీలిపోయారు.

అందుకని డాన్సీ ఏమన్నాడంటే, లాభం తక్కువుండే ఆ పని బయటివాళ్లకు వదిలేద్దాం, మనం మూల గ్రంథం అమ్ముకుందాం అని. అందరూ ఊరికే వాడుకునే లైనక్స్ సాఫ్ట్‌వేర్ వెనకున్న జీపీఎల్ లైసెన్సును చూసి ఓపెన్ గేమ్ లైసెన్సు (ఓజీఎల్) రాయించాడు. 2000లో మూడో ఎడిషన్‌తో పాటు అది వచ్చింది. ఎవరు ఏ సాహసం రాసినా దాన్ని ఆడటానికి విజార్డ్స్ పుస్తకం కావాలి. ఆ నియమాలకు సరిపోతుందని చెప్పే డీ20 ముద్ర అట్ట మీద వేసుకోవాలంటే ఇంకో షరతు కూడా ఉండేది: పాత్రను తయారుచేసుకునే పద్ధతి మీ పుస్తకంలో పెట్టకూడదు. దానికోసం చదివేవాళ్లు వెళ్లి ఆటగాళ్ల పుస్తకం కొనుక్కోవాలి. ఇక ఊరికే ఇచ్చింది ఏముంది, చెప్పండి!

రెండో లెవెల్:
అంటే ఇది ఎర అన్నమాట.

ఇరవై ముఖాలు:
ఎర అంటే చేప చస్తుంది. ఇక్కడ చాలా చేపలు బతికాయి, కొన్ని బాగా బలిశాయి కూడా. నేను దీన్ని సంత అంటాను. స్థలం ఆసామి అంగళ్లకు అద్దె తీసుకోడు, సంతకు వచ్చినవాళ్లందరూ ఆయన బావి నీళ్లే కొనుక్కుని తాగాలి. విజార్డ్స్‌లో పనిచేసిన స్కాఫ్ ఎలియాస్ పేరు మీద దీనికి ఒక సూత్రం కూడా ఉంది. ఈ రంగంలో ఎవరు ఏం అమ్ముకున్నా, ఎవరు ఎంత ప్రచారం చేసుకున్నా చివరికి అందరికంటే పెద్ద ఆటకే మేలు జరుగుతుందని. వేరే ఆటతో మొదలుపెట్టినవాళ్లు కూడా ఎప్పుడో ఒకప్పుడు ఎక్కువమంది ఆడే ఆట దగ్గరికి వస్తారు. ఎందుకంటే నలుగురు తోడు లేనిదే ఆట లేదు.

పెంకుటిల్లు:
చేపలు బలిశాయి అన్నారు, బాగుంది. ఎండబెట్టిన చేపల గురించి కూడా చెప్పండి అన్నగారూ. పోయినసారి కలిసినప్పుడు మీ కొట్టు కథ చెప్పారు కదా.

ఇరవై ముఖాలు:
అదీ చెబుతాను. 2003లో నేను అమెరికాలో చదువుకుంటూ సాయంత్రాలు ఒక ఆటల కొట్టులో పనిచేసేవాడిని. డీ20 ముద్ర ఉంటే చాలు, ఏదైనా అమ్ముడుపోతుందని రెండేళ్ల పాటు కుప్పలుగా తెప్పించారు. అప్పటికి ఎవరు పడితే వాళ్లు ప్రచురణకర్తలు అయిపోయారు. ఆ ఏడాది విజార్డ్స్ 3.5 ఎడిషన్ తెచ్చింది. తేడాలు చిన్నవే, కానీ నిన్నటి పుస్తకం ఒక్కరోజులో పాతదైపోయింది. అమ్ముడుపోని సరుకును వెనక్కి తీసుకునే ఏర్పాటు మా కొట్టుకు లేదు. ముప్పై డాలర్ల పుస్తకాలను అట్టపెట్టెలో పోసి, ఏదైనా మూడు డాలర్లు అని రాసి గుమ్మం దగ్గర పెట్టింది నేనే. యజమాని మంచి మనిషి, తర్వాత ఎక్కువ కాలం నడపలేకపోయాడు.

లైసెన్సు రుసుము లేకపోతే ప్రవేశానికి అడ్డు ఉండదు. అడ్డు లేకపోతే మంచీ చెడూ కలిసి వస్తాయి. కొట్టువాడికి అవి రెండూ ఒకే ముద్రతో కనిపిస్తాయి. ఓపెన్ లైసెన్సును పొగిడేవాళ్లు ఈ ముక్క దాటేస్తూ ఉంటారు.

దారి వెతికేవాడు:
దాటేయడం లేదు గానీ, అసలు మలుపు 2008లో ఉంది. నాలుగో ఎడిషన్ వచ్చినప్పుడు విజార్డ్స్ మనసు మార్చుకుంది. ఓజీఎల్ బదులు జీఎస్ఎల్ అనే బిగువైన లైసెన్సు తెచ్చింది. అందులో కంపెనీ తలచుకుంటే షరతులు మార్చవచ్చు. పైజో అనే సంస్థ అప్పటిదాకా ఆ కంపెనీ పత్రికలు డ్రాగన్, డంజన్ రెండూ నడిపింది. 2007లో అవి చేజారాయి. జీవనాధారం పోయినవాళ్లు కొత్త షరతుల కింద బతకలేమని, 3.5 నియమాలనే ఓజీఎల్ ఆధారంగా మెరుగుపరచి 2009లో పాత్‌ఫైండర్ అనే ఆట తెచ్చారు. కొన్నాళ్లు ఆటల కొట్లలో అమ్మకాల పట్టికలో అది డీ అండ్ డీని దాటేసింది.

ఒక్కసారి ఊహించుకోండి. మీ ఉత్పత్తికి అతిపెద్ద పోటీ మీ పాత ఉత్పత్తే. దాన్ని అమ్ముతున్నది మీ దగ్గర పనిచేసి వెళ్లినవాళ్లు. వాళ్లకు హక్కు ఇచ్చింది మీరే!

రెండో లెవెల్:
అయితే డాన్సీ తప్పు చేశాడు కదా? సొంత కంపెనీకే గొయ్యి తవ్వాడు.

దారి వెతికేవాడు:
కంపెనీ కళ్లతో చూస్తే అలాగే ఉంటుంది. ఆట కళ్లతో చూడండి. టీఎస్ఆర్ మునిగినప్పుడు ఆటే మునిగిపోయేది. అలాంటి రోజు మళ్లీ వచ్చినా ఆట బతకాలన్నదే తన ఉద్దేశమని డాన్సీ తర్వాత చెప్పుకున్నాడు. యజమాని వదిలేసిన ఎడిషన్‌ను పక్కింటివాళ్లు పెంచారు. అంతకుముందే, 2006లో, ఓఎస్ఆర్ఐసీ పేరుతో కొందరు అదే లైసెన్సు సాయంతో 1970ల చివరినాటి నియమాలను మళ్లీ రాసి ఊరికే పంచారు. ఆ దారిలో ఇప్పుడు ఒక చిన్న ప్రచురణ ప్రపంచమే ఉంది.

చిట్టా పద్దు:
ఆలస్యంగా వచ్చాను, మార్చి నెల మా వృత్తిలో ఎలా ఉంటుందో తెలుసు కదా. చెరువుగట్టు గారు అడిగిన "లెక్క అడగడం" దగ్గరికి వద్దాం.

2014లో ఐదో ఎడిషన్ వచ్చింది. 2016లో విజార్డ్స్ మళ్లీ ఓజీఎల్ దారికే వచ్చి మూల నియమాల పత్రాన్ని విడుదల చేసింది. ఆట మునుపెన్నడూ లేనంత పెరిగింది. 2022 డిసెంబరులో పెట్టుబడిదారులతో మాట్లాడుతూ ఈ బ్రాండు నుంచి రావలసినంత రాబడి రావడం లేదని విజార్డ్స్ అధిపతి అన్నారు. ఆడేవాళ్లలో ఆట నడిపేవాళ్లు 20 శాతమే అయినా ఖర్చులో పెద్ద వాటా వాళ్లదేనని కూడా. 2023 జనవరి 5న కొత్త లైసెన్సు చిత్తుప్రతి ఓజీఎల్ 1.1 బయటికి పొక్కింది. ఏడాదికి 50 వేల డాలర్లు దాటితే ఆదాయం చెప్పాలి. ఏడున్నర లక్షలు దాటితే, దాటిన మొత్తం మీద 25 శాతం రాయల్టీ, కిక్‌స్టార్టర్‌లో (జనం ముందుగా డబ్బు పెట్టే సైటు) వచ్చినదైతే 20. పాత లైసెన్సు ఇక చెల్లదు.

ఇక్కడ చూడవలసిన మాట "ఆదాయం". లాభం కాదు. ఒకరు కిక్‌స్టార్టర్‌లో 20 లక్షల డాలర్లు సేకరించారనుకోండి. ఏడున్నర పోను పన్నెండున్నర లక్షలు. దాని మీద 20 శాతం అంటే రెండున్నర లక్షలు. ఇప్పుడు కిక్‌స్టార్టర్ వాటా 5 శాతం, చెల్లింపుల రుసుములు, రచన, బొమ్మలు, అచ్చు, ఓడ కిరాయి, తపాలా పోను చేతిలో 10 శాతం మిగిలిందనుకుందాం. రెండు లక్షలు. రాయల్టీ కట్టాక 50 వేల నష్టం. పది లక్షలు సేకరించినవారికి లక్ష మిగిలి అందులో సగం పోతుంది. అంటే చిన్నగా గెలిచినవాడు బతుకుతాడు, పెద్దగా గెలిచినవాడు మునుగుతాడు!

ఇరవై ముఖాలు:
లెక్క బాగుంది కానీ ఒక మాట. ఎక్కువ ప్రతులు వేస్తే ఒక్కో ప్రతికి అచ్చు ఖర్చు తగ్గుతుంది. 20 లక్షల దగ్గర కూడా అదే పది శాతం ఉండదు.

చిట్టా పద్దు:
ఒప్పుకుంటాను. పదిహేను వేసుకోండి, మూడు లక్షలు వస్తుంది. అందులో రెండున్నర వాళ్లకు, అర మీకు. సంతోషమేనా?

అయితే కంపెనీ తరఫున కూడా ఒక మాట చెప్పాలి, లేకపోతే ఇది భజన అవుతుంది. సొమ్మొకడిది సోకొకడిది అన్న బాధ వాళ్లకు ఉండటంలో తప్పు లేదు. ఆట పేరు నిలబెట్టడానికి ప్రచారం ఖర్చు వాళ్లది. దాని నీడలో లక్షల డాలర్లు పోగుచేసుకునేవాళ్లు పైసా ఇవ్వనక్కర లేదు. మన ఊళ్లో అయినా రోడ్డు వేసినవాడు టోలు అడుగుతాడు.

పెంకుటిల్లు:
రోడ్డు వేసి, "ఎప్పటికీ టోలు ఉండదు, ఇళ్లు కట్టుకోండి" అని కాగితం రాసిచ్చి, ఇరవై మూడేళ్ల తర్వాత గేటు పెడితే?

చిట్టా పద్దు:
అదే చెప్పబోతున్నాను. వచ్చే డబ్బు చూడండి. ఏడున్నర లక్షలు దాటేవాళ్లు ప్రపంచం మొత్తం మీద ఇరవై మంది కంటే తక్కువని 2022 డిసెంబరులో కంపెనీ తానే ప్రకటించింది. ఆ ఇరవై మంది దగ్గర వసూలయ్యే చిల్లర కోసం వేలమంది నమ్మకం పోగొట్టుకుంది. కొండను తవ్వి ఎలుకను పట్టడం అంటే ఇదే. డీ అండ్ డీ బియాండ్ అనే ఆన్‌లైన్ సేవను కంపెనీ 2022లోనే 14.63 కోట్ల డాలర్లకు కొంది. జనం కోపం అక్కడే చూపించారు, చందాలు రద్దు చేసుకున్నారు. రచయితల మీద వేద్దామనుకున్న పన్ను తిరిగి సొంత ఖాతాకే తగిలింది.

నల్లకోటు:
చట్టం సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేను ఎత్తుతాను. అసలు ఆట నియమాలకు కాపీరైటు లేదు. ఉన్నది వాటిని చెప్పిన మాటలకు, బొమ్మలకు. అమెరికా సుప్రీంకోర్టు 1879లో బేకర్, సెల్డన్ వ్యాజ్యంలో చెప్పిన సూత్రం ఇదే. అది ఏ పుస్తకం మీద వచ్చిన కేసో తెలుసా? చిట్టా రాసే పద్ధతి మీద! పుస్తకం మీద హక్కు ఉంటుంది గానీ అందులో వివరించిన లెక్కల పద్ధతి మీద ఉండదన్నారు. మన సుప్రీంకోర్టు కూడా 1978లో ఒక నాటకానికీ సినిమాకూ మధ్య వచ్చిన తగాదాలో, ఆలోచనకు కాపీరైటు ఉండదు, వ్యక్తీకరణకే ఉంటుందని తేల్చింది.

చిట్టా పద్దు:
నూట నలభై ఏళ్ల క్రితమే మా వాళ్లు మీకు దారి చూపారన్నమాట. ఫీజు పంపండి.

చెరువుగట్టు:
అయితే నాకు లైసెన్సే అవసరం లేదా?

నల్లకోటు:
వాదించి గెలవవచ్చు. గెలిచేదాకా వకీలు ఫీజు ఎవరు కడతారు? 1990ల మొదట్లో టీఎస్ఆర్ తన ఆటకు అనుబంధ పుస్తకాలు అమ్మిన మేఫెయిర్ సంస్థ మీద కోర్టుకు వెళ్లింది. అంతా అయ్యాక మేఫెయిర్ ఆ పుస్తకాల హక్కులనే టీఎస్ఆర్‌కు అమ్మేసి బయటపడింది. నియమం ఎక్కడ ముగుస్తుంది, వ్యక్తీకరణ ఎక్కడ మొదలవుతుంది అన్న గీత ఎవరికీ స్పష్టంగా తెలియదు. ఓజీఎల్ అమ్మింది నియమాలను కాదు, ఆ గీత దగ్గర నిశ్చింతను. దానికి ధర కూడా ఉంది: ఫలానా ఆటకు సరిపోతుందని వాళ్ల ట్రేడ్‌మార్కు పేరుతో చెప్పుకునే హక్కును మీరు వదులుకోవాలి. మామూలు చట్టం ప్రకారం నిజాయతీగా అలా చెప్పుకోవచ్చు. డబ్బు రూపంలో కాకపోయినా అదీ చెల్లింపే.

ఇక 2023 గొడవంతా రెండు మాటల మీద నడిచింది. ఓజీఎల్ 1.0ఏలో "శాశ్వతం" అని ఉంది, "వెనక్కి తీసుకోలేనిది" అని లేదు. తొమ్మిదో నిబంధనలో "అధీకృతమైన ఏ ప్రతినైనా వాడుకోవచ్చు" అని ఉంది. సరే, పాత ప్రతి ఇక అధీకృతం కాదని ప్రకటిస్తే పోతుంది కదా అని కంపెనీ ఎత్తుగడ. మేము నియమాలు మార్చినా మీకు నచ్చిన పాత ప్రతితోనే కొనసాగవచ్చని కంపెనీ సైటులోని ప్రశ్నోత్తరాల్లో ఏళ్ల తరబడి ఉన్నా సరే. కోర్టులో నిలిచేదా అంటే నాకు నమ్మకం లేదు. కానీ అది కోర్టు దాకా పోనవసరం లేదు. బ్యాంకు అప్పు తీసుకుని పుస్తకం వేసే చిన్న ప్రచురణకర్తను ఆపడానికి అనుమానం ఒక్కటి చాలు.

దారి వెతికేవాడు:
తర్వాత జరిగింది త్వరగా చెప్పేస్తాను. జనవరి 12న పైజో కొత్త లైసెన్సు ఓఆర్‌సీ తెస్తామని ప్రకటించింది. 19న విజార్డ్స్ కాస్త మెత్తబడి 1.2 చిత్తుప్రతి పెట్టి అభిప్రాయాలు అడిగింది. 15 వేలకు పైగా వచ్చాయి. 88 శాతం మంది ఆ లైసెన్సు కింద ప్రచురించబోమన్నారు. 27న కంపెనీ పూర్తిగా వెనక్కి తగ్గింది: ఓజీఎల్ 1.0ఏ జోలికి పోము, ఐదో ఎడిషన్ మూల నియమాల పత్రం 5.1 మొత్తాన్ని క్రియేటివ్ కామన్స్‌లో పెడుతున్నాం అని. ఇరవై రెండు రోజుల్లో అంతా అయిపోయింది. ఈలోగా పైజో ఎనిమిది నెలలకు సరిపోతాయనుకున్న మూల గ్రంథాలు రెండు వారాల్లో అమ్ముడుపోయాయి.

అయినా పైజో ఆగలేదు. ఓజీఎల్ ఆనవాలు లేకుండా పాత్‌ఫైండర్‌ను మళ్లీ రాసుకుంది. రంగుల పేర్ల డ్రాగన్లు పోయాయి, మంత్రాల పేర్లు మారాయి, మంచి-చెడుల తొమ్మిది గళ్ల పట్టిక పోయింది. కాలిన చెయ్యి, ఇక నమ్మదు. కోబోల్డ్ ప్రెస్ అనే ప్రచురణ సంస్థ కూడా తన సొంత నియమాల పుస్తకం తెచ్చుకుంది. పక్క అంగళ్లవాళ్లంతా సొంత బావులు తవ్వుకున్నారు.

పెంకుటిల్లు:
తెలుగువాళ్లుగా మనకు పనికొచ్చే ముక్క ఇందులోనే ఉంది, ఎవరూ చెప్పలేదు. క్రియేటివ్ కామన్స్ బై 4.0 అంటే అనువాదానికి ఎవరి అనుమతీ అక్కర లేదు. మూలం పేరు చెప్పి, మార్పులు చేశామని తెలిపితే చాలు. విజార్డ్స్ అదే ఏడాది ఫ్రెంచి, జర్మన్, ఇటాలియన్, స్పానిష్ ప్రతులు తానే విడుదల చేసింది. తెలుగు ప్రతి వాళ్లు వేయరు, వాళ్ల లెక్కలో మనం లేము. మనమే వేసుకోవచ్చు. అమ్ముకోవచ్చు కూడా.

నేను అరవై మంత్రాల దాకా తెలుగు చేశాను. ఆపద తప్పించుకోవడానికి వేసే పాచిక "సేవింగ్ త్రో"కు నాలుగు మాటలు ప్రయత్నించి చివరికి "కాపు పాచిక" దగ్గర ఆగాను. మావారు నవ్వారు. ఇంకా మంచి మాట ఉంటే చెప్పండి.

ఇంకో తమాషా. ఆ పత్రంలో రాక్షసుడు ఉన్నాడు. వాళ్ల ఆటలో ఆయనకు పులి తల, వెనక్కి తిరిగిన అరచేతులు. మన రాక్షసుడికి పులి తల తగిలించడానికి వాళ్లు ఎవరినీ లైసెన్సు అడగలేదు. ఇప్పుడు ఆయన పుట్టింటికి రావాలంటే మనం పుస్తకం మొదట్లో వాళ్ల పేరు రాయాలి!

రెండో లెవెల్:
ఆయనను కట్ట కింద పెట్టేయండి చెరువుగట్టు గారూ.

చెరువుగట్టు:
కట్ట కింద ఉన్నది రాక్షసుడు కాదు, కథ చెప్పేస్తే ఎలా? ఇంకో ప్రశ్న. డీఎమ్స్ గిల్డ్ అనే అమ్మకాల సైటులో పెడితే సులభం అంటున్నారు. నిజమేనా?

చిట్టా పద్దు:
సులభమే. కానీ సగం మీది, మిగతా సగం సైటువాళ్లూ విజార్డ్స్ పంచుకుంటారు. పైగా అక్కడ పెట్టిన రచనను ఇంకెక్కడా అమ్మకూడదు. ఆ సగానికి బదులుగా వాళ్ల కల్పిత లోకాలను వాడుకునే అనుమతి వస్తుంది. మీ కథ గొలుసుకట్టు చెరువుల మీద. వాళ్ల లోకం మీకెందుకు? వాడని సరుకుకు సగం ఆదాయం కట్టకండి.

నల్లకోటు:
అట్ట మీద "ఐదో ఎడిషన్‌కు సరిపోతుంది" అని వేసుకోవచ్చు, ఆ పత్రంలోనే చెప్పారు. ఆట పూర్తి పేరు, డ్రాగన్ ముద్ర మాత్రం వద్దు. ఇక మీ సొంత రచనను ఎలా వదులుతారన్నది వేరే నిర్ణయం. క్రియేటివ్ కామన్స్ బై కింద తీసుకున్నంత మాత్రాన మీదీ పంచాలన్న బలవంతం లేదు. ఓఆర్‌సీ అయితే మీరు కనిపెట్టిన నియమాలు కూడా అందరివీ అవుతాయి, కథ, పాత్రలు మీవే.

ఇరవై ముఖాలు:
నా సలహా అడిగితే, మీ చెరువు నియమాలు రెండు పేజీలు ఉన్నాయన్నారే, కట్ట ఎంతసేపట్లో తెగుతుందో లెక్కగట్టేవి, అవి వదిలేయండి. రేపు ఇంకెవరో గోదావరి వరద మీద సాహసం రాసి మీ నియమాలు వాడితే, చదివినవాళ్లు మీ పుస్తకం వెతుక్కుంటూ వస్తారు. కథ, పటాలు, బొమ్మలు అమ్ముకోండి. డాన్సీ లెక్కే, కాకపోతే 64 పేజీలంత.

చిట్టా పద్దు:
తెలుగులో ఆ గోదావరి పుస్తకం వేసేవాళ్లు ఎంతమంది ఉన్నారు అన్నగారూ? సూత్రం పెద్ద సంతకు పనిచేస్తుంది. ఇక్కడ సంతే లేదు, రెండు అంగళ్లు ఉన్నాయి. ముందు వంద ప్రతులు అమ్ముడుపోనివ్వండి.

పెంకుటిల్లు:
సంత లేకపోతే గేటు పెట్టి ప్రయోజనం ఏమిటి మరి?

చెరువుగట్టు:
ఇద్దరూ నిజమే చెబుతున్నారు కాబట్టి మధ్యలో ఒకటి చేస్తాను. పీడీఎఫ్ ముందు, అచ్చు వంద ప్రతులు తర్వాత. చెరువు నియమాలు రెండు పేజీలూ విడిగా ఓపెన్‌గా పెడతాను, మిగతాది నాదే. చివరి సందేహం: మూలం పేరు చెప్పే ఆ వాక్యం ఇంగ్లీషులో ఇచ్చారు. తెలుగులోకి మార్చి వేయవచ్చా?

నల్లకోటు:
వాళ్లు ఇచ్చిన వాక్యాన్ని అక్షరం మార్చకుండా అలాగే ఉంచండి, దాని కింద తెలుగు వేయండి. మీరు మార్పులు చేశారన్న మాట తెలుగులో చేర్చడం మరవకండి. అచ్చుకు పంపే ముందు ఆ పేజీ ఇక్కడ పెట్టండి, చూస్తాను.

పెంకుటిల్లు:
అదే పేజీలో "కాపు పాచిక" ఎవరిదో కూడా రాయండి. నేను పైసా అడగను.